వెంకటేశానికి పడని అంకె

వెంకటేశానికి తొమ్మిది అంటే పడదు. కొందరికి వంకాయ పడదు, కొందరికి చల్లగాలి పడదు, ఇంకొందరికి పక్కింటివాళ్లు పడరు. వీటన్నిటికీ లోకంలో ఏదో ఒక సర్దుబాటు ఉంది. అంకెల్లో ఒక అంకె పడకపోతే మాత్రం బతకడం కష్టం. పైగా ఆయన ఉద్యోగమే అంకెలతో.

వనపర్తిలో ఒక అరవై పడకల ప్రైవేటు దవాఖాన ఉంది. దాని మెట్ల కింది గదిలో కూర్చునే మెడికల్ రికార్డుల మనిషి వెంకటేశం. నలభై ఆరేళ్లుంటాయి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. జేబులో రెండు పెన్నులు, ఒకటి మొరాయిస్తే ఇంకొకటి. పై అంతస్తులో మగవాళ్ల వార్డుకు పెద్ద నర్సు రెబెకా. పదకొండేళ్లుగా ఆయనతో రోజుకు రెండుసార్లు తగువు పడుతున్న మనిషి. నాకంటే నీకే మా ఆయన గురించి ఎక్కువ తెలుసని వెంకటేశం భార్య సుగుణే ఒప్పుకుంది. ఆ మాటలో అసూయ లేదు, సానుభూతి ఉంది.

ఒకసారి దవాఖాన సిబ్బంది అంతా కలిసి సోమశిలకు పోయారు. బస్సులో వెంకటేశానికి తొమ్మిదో సీటు వచ్చింది. కొల్లాపూర్ దాకా నిలబడే వచ్చాడు. తీరా కృష్ణ ఒడ్డున పడవ ఎక్కబోతే దాని మీద కూడా ఎర్ర రంగుతో పెద్ద తొమ్మిది. అందరూ నది మధ్యలో ఫోటోలు దిగుతుంటే ఆయన ఒడ్డున కూర్చుని ఇరవై రెండు జతల చెప్పులకు కాపలా కాశాడు.

దాంతో ఊళ్లో ఆయనకు అంకెల శాస్త్రం తెలుసని పేరు పాకింది. ఒక ఆటో అతను కొబ్బరికాయ పట్టుకుని నేరుగా రికార్డు రూముకే వచ్చాడు.

"సార్, కొత్త ఆటో తీస్కుంటున్న. ఏ నంబర్ నాకు మంచిగుంటదో జర చెప్పుండ్రి."

"ఆటో నడిపితే నడుము నొస్తదా?" అని అడిగాడు వెంకటేశం.

"నొస్తది సార్. మీకెట్ల తెలుసు?"

"పైనా, కిందా?"

"కింద సార్."

"కాలికి దిగుతదా? దిగితే ఎడమ కాలికా, కుడి కాలికా?"

ఆటో అతను కొబ్బరికాయ బల్ల మీదే వదిలేసి పోయాడు. మళ్లీ ఆ వీధికి రాలేదు.

నిజానికి ఇందులో శాస్త్రమూ లేదు, శకునమూ లేదు. ప్రపంచంలో ఉన్న రోగాలన్నిటికీ ఒక పెద్ద పుస్తకంలో నంబర్లు వేసి పెట్టారు. రోగి ఇంటికి పోయాక అతని కేస్ షీటు వెంకటేశం దగ్గరికి వస్తుంది. డాక్టరు ఏం రాశారో చదివి, దానికి తగిన నంబరు వేసి ఫైలు మూయాలి. ఆ నంబరులో చుక్క తర్వాత వచ్చే అంకె రోగం ఏ రకమో చెబుతుంది. అక్కడ తొమ్మిది వచ్చిందంటే చాలాసార్లు దాని అర్థం ఒకటే, ఏ రకమో తెలియదు అని. న్యుమోనియా వచ్చింది, ఏ క్రిమి వల్లనో తెలియదు అనుకోండి. జె పద్దెనిమిది చుక్క తొమ్మిది. ఫైలు మూసి చాయ్‌కి పోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. వెంకటేశం మాత్రం చాయ్ మానేసి, ఫైలు చంకలో పెట్టుకుని మెట్లెక్కుతాడు.

ఆ చెప్పుల చప్పుడు వినగానే రెబెకా చేతికి ఏదో ఒక ఇంజెక్షన్ తీసుకుని పనిలో ఉన్నట్టు నిలబడుతుంది. పదకొండేళ్లలో ఆ ఉపాయం ఒక్కసారి కూడా పారలేదు.

"సిస్టర్, ఇరవై మూడో బెడ్డు. కాలు విరిగింది అని రాసిండ్రు. ఏ కాలు?"

"విరిగిన కాలు సార్."

"ఎడమదా, కుడిదా?"

"పోయి చూస్కోండ్రి. పిండికట్టు ఏ కాలికుంటే గదే."

పోయి చూసుకున్నాడు. దుప్పటి పైకెత్తి మరీ చూసుకున్నాడు. అంతటితో ఊరుకున్నాడా? ఎట్ల విరిగింది అని రోగిని అడిగాడు. బర్రె వల్ల అన్నాడు రోగి.

"తన్నిందా, కుమ్మిందా, తొక్కిందా?"

"మూడు జేసింది సార్."

"ముందు ఏది జేసింది?"

"నేను కిందవడి ఉన్న సార్. నాకు యాదికి లేదు. బర్రెనే అడగాలె."

"బర్రె మీదేనా, పక్కోళ్లదా?"

ఇంకాసేపుంటే ఆ బర్రెను కూడా సాక్ష్యానికి పిలిపిస్తాడని రెబెకా ఆయన్ను చెయ్యి పట్టుకుని మెట్ల దాకా దిగబెట్టి వచ్చింది.

ఇంట్లో కూడా ఇదే వరస. సుగుణ ఒకరోజు మందులకని దవాఖానకు వచ్చి రెబెకా దగ్గర కూర్చుని బాధంతా వెళ్లబోసుకుంది. "రాత్రి తలకాయ నొస్తున్నది అన్న సిస్టర్. ఏ పక్క అన్నడు. మీరున్న పక్క అన్న." ఇద్దరూ పడీ పడీ నవ్వుకుంటుండగా వెంకటేశం వచ్చి చాలా గంభీరంగా చెప్పాడు. "అప్పుడు నేను ఆమెకు ఎడమ దిక్కున్న సిస్టర్. ఒక్క పక్కనే నొస్తే ఊరుకోవద్దు. డాక్టర్ సుహాసిని మేడమ్‌కు చూపిద్దామని నేనే రమ్మన్న." సుగుణ నవ్వు ఆపి ఆయన వైపు చూసింది. మందుల కోసం అనుకుని వచ్చింది పాపం, తనను చూపించడానికి రప్పించాడని అప్పటిదాకా ఆమెకూ తెలియదు.

వాళ్లది గద్వాల చేనేత కుటుంబం. వెంకటేశం తండ్రి చీరలు నేసేవాడు. పడుగులో ఒక్క పోగు తెగితే చాలు, మగ్గం ఆపి, అది ఎక్కడి పోగో వెతికి ముడి వేసేదాకా నీళ్లు కూడా ముట్టేవాడు కాదట. ఇంత చీరలో ఒక్క పోగు ఎవరికి కనపడుతుందని కొడుకు అడిగితే, "కట్టుకున్న ఆమెకు కనపడుతది" అనేవాడట. కొడుకుకు మగ్గం రాలేదు కాని ఆ చాదస్తం మాత్రం పూర్తిగా వచ్చింది.

ఇక లింగయ్య సంగతి.

లింగయ్యది శ్రీరంగాపూర్ దగ్గరి పల్లె. నలభై ఎనిమిదేళ్లు. మట్టి పనికి పూణె దిక్కు పోయి, షుగరూ దగ్గూ తెచ్చుకుని తిరిగొచ్చాడు. అక్కడెవరో ఎక్స్‌రే తీసి టీబీ అన్నారు. ఆరు నెలలు బిళ్లలు మింగాడు. దగ్గు తగ్గలేదు, ఒళ్లు మాత్రం సగమైంది. జ్వరంతో వార్డులో చేరిన రోజు అతను చేసిన మొదటి పని తన గ్లాసును మంచం కింద, ఎవరి కాలూ తగలని మూలకు నెట్టుకోవడం. టీబీ అయినా సరే గ్లాసుల వల్ల అంటదని రెబెకా చెప్పింది. అతను తల ఊపాడు, గ్లాసు మాత్రం అక్కడే ఉంచాడు.

అతని భార్య కాంతమ్మ రెండో రోజు రెబెకా కొంగు పట్టుకుంది.

"మా శ్రీవాణికి ఐదో నెల సిస్టరమ్మా. తొలి కాన్పు. పుట్టింట్లనే గద చెయ్యాలె. మా వియ్యపురాలు పంపనంటున్నది. టీబీ ఉన్న కొంపకు కోడల్ని పంపుతనా అంటున్నది."

"శ్రీవాణి ఏమంటున్నది?"

"ఫోన్ల ఏడుస్తున్నది. ఈయన ఏమో బిడ్డను రావద్దనుండ్రి అని ఆ గోడ దిక్కు తిరుగుతుండు. బిడ్డ మొకం చూడక ఎనిమిది నెలలాయె."

శ్రీవాణి అత్తగారి ఊరు కల్వకుర్తికీ వాళ్ల పల్లెకూ మధ్య ఎంతో దూరం లేదు. అయినా అతని దగ్గుకు ఒక పేరు తేలితే తప్ప ఆ పిల్ల పుట్టింటి గడప తొక్కేది లేదు. అది రెబెకాకు ఆ రోజే అర్థమైంది.

డాక్టర్ సుహాసిని పరీక్ష చేయిస్తే తెమడలో టీబీ క్రిమి కనపడలేదు. వేరే ఏదైనా క్రిమి పెరుగుతుందేమో చూడమని తెమడను హైదరాబాదు ల్యాబుకు పంపింది. రెండు రోజులకు ఏమీ పెరగలేదని రిపోర్టు వచ్చింది. ఇంజెక్షన్లకు జ్వరం దిగింది. ఇంక ఉండను, పనులు చెడిపోతున్నాయి అని లింగయ్య పట్టుబట్టి ఇంటికి పోయాడు. డిశ్చార్జి కాగితం మీద డాక్టరు న్యుమోనియా అని రాసింది. ఫైలు మెట్ల కిందికి పోయింది. గంటలో చెప్పుల చప్పుడు మెట్లెక్కింది.

"సిస్టర్, న్యుమోనియా అని రాసిండ్రు. ఏ క్రిమి?"

"ఏం పెరగలేదంట సార్."

"రెండు రోజులకు పెరగలేదు. ఇది తొలి రిపోర్టు అని దీని మీదనే ఉన్నది. ఆఖరి రిపోర్టు ఏది?"

"మనిషే ఇంటికి పోయిండు. ఇంక ఆఖరి రిపోర్టు ఎందుకు సార్? తొమ్మిది ఎయ్యుండ్రి, పుణ్యముంటది."

వెంకటేశం ఆమె వైపు ఎలా చూశాడంటే, చంటిపిల్లాణ్ని బావిలో పడేయమని ఆమె చెప్పినట్టు చూశాడు. ఫైలు చంకలో పెట్టుకుని దిగిపోయాడు.

ఆ ఫైలు మూయలేదు. వారమైంది. మేనేజరు కేకలేశాడు. పది రోజులైంది. మేనేజరు చైర్మన్‌తో కేకలేయించాడు. వెంకటేశం రోజూ పదకొండు గంటలకు ల్యాబుకు ఫోన్ చేస్తాడు, వాళ్లు రోజూ చూసి చెబుతామంటారు. ఎప్పుడు చూస్తరు, ఎవరు చూస్తరు, చూసే ఆయన పేరేంది అని ఈయన అడుగుతాడు. చివరికి ఆ ల్యాబు అమ్మాయి విసిగిపోయి, మీ రిపోర్టు పంపి నాలుగు రోజులైంది, మీ దగ్గరే వెతుక్కోండని ఫోన్ పెట్టేసింది.

ఇక్కడ ఆ వార్డులో ఉన్న ఒక ఆచారం గురించి చెప్పాలి. రోగి ఇంటికి పోయాక వచ్చే రిపోర్టులు వేయడానికి నర్సుల బల్ల కింద ఒక ఖాళీ సెలైన్ అట్టపెట్టె ఉండేది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. కాగితాలు దాంట్లోకి పోవడమే కాని బయటికి రావడం ఎవరూ చూడలేదు. పెట్టె నిండితే పక్కన ఇంకో పెట్టె పెడతారు. వెంకటేశం వచ్చి, బల్ల కింద చతికిలబడి, ఆ పెట్టెను బోర్లించాడు. మూడు వందల కాగితాలు ఒక్కొక్కటే చదివాడు. రెబెకా ఒకసారి ఆయన కాళ్లు దాటుకుని పోయింది, రెండోసారి విసుక్కుంటూ దాటింది. మూడోసారి దాటబోతుంటే ఆయన ఒక కవరు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

కవరు మీద లింగయ్య పేరు. దాన్ని అట్టపెట్టెలో పడేసిన చెయ్యి రెబెకాదే. ఆ సంగతి ఆమెకు బాగా గుర్తుంది. పేరు కూడా చదవకుండా పడేసింది.  కేకలు వేస్తాడని, మేనేజరుకు చెబుతాడని ఎదురుచూసింది.

"ఇది పెట్టెల ఎన్నడు పడ్డది సిస్టర్?"

"సోమవారం సార్. నేనే ఏసిన."

"పొద్దునా, మాపా?"

"మాపు."

"మంచిది" అని కవరు మీద ఆ సంగతి రాసుకుని డాక్టరు గదికి పరుగెత్తాడు. ఆయన పరుగెత్తడం ఎవరూ ఎన్నడూ చూడలేదు. రెబెకా వెంట పరుగెత్తింది.

సుహాసిని మేడమ్ అప్పుడే ఉప్మా పళ్లెం ముందు పెట్టుకుంది.

"ఏంది వెంకటేశం గారూ?"

"లింగయ్య రిపోర్టు వచ్చింది మేడమ్."

"ఏముంది అందులో?"

"అది నేను చెప్పొద్దు మేడమ్."

"చేతుల పెట్టుకుని చెప్పరా?"

"నేను నంబర్లు ఏసే కోడింగ్ మనిషిని. పేరు నా నోట్లె నుంచి వస్తే నేను మీతోటి రాయించినట్లయితది. మీరే చదవాలె, మీకే తోచాలె, మీ చేతితోటే రాయాలె. అది రూలు."

ఆమె చేతులకు ఉప్మా అంటుకుని ఉంది. వెంకటేశం రిపోర్టును రెండు చేతులతో విప్పి ఆమె ముఖం ముందు పట్టుకుని, తను మాత్రం తల పక్కకు తిప్పి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. తన ముఖం చూసి ఆమె ఏదైనా పసిగట్టినా రూలు తప్పినట్టేనని ఆయన భయం. రెబెకాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఆమె చదివింది. చేతిలోని ముద్ద పళ్లెంలో పడింది.

"నొకార్డియా! ఇది టీబీ కాదు!"

"నేనేమన్లేదు మేడమ్" అన్నాడు వెంకటేశం కిటికీతో.

అది చాలా అరుదైన క్రిమి అని ఆమె గబగబా చెప్పింది. మట్టిలో ఉంటుంది, దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, షుగరుతో ఒళ్లు బలహీనపడినవాళ్లను పట్టుకుంటుంది. ఎక్స్‌రేలో టీబీలాగే కనపడి మోసం చేస్తుంది. మెల్లగా పెరుగుతుంది కాబట్టి రెండు రోజుల రిపోర్టులో దొరకదు. టీబీ బిళ్లలకు లొంగదు, దాని మందు వేరే, నెలల తరబడి వాడాలి. వాడకపోతే మెదడుకు కూడా ఎక్కొచ్చు. "ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి అంటదు" అని చివర్లో అన్నది. ఆ మాట వినగానే రెబెకాకు కాంతమ్మ తన కొంగు పట్టుకోవడం గుర్తొచ్చింది.

వెంటనే పిలిపించమన్నది డాక్టరు. రెబెకా ఫైల్లో ఉన్న నంబరుకు చేసింది. ఆ నంబరు పని చేయడం లేదు. మళ్లీ చేసింది. చిరునామా దగ్గర పల్లె పేరు తప్ప ఏమీ లేదు.

"ఆ నంబర్ బంద్ అయింది" అన్నాడు వెంకటేశం. "కాంతమ్మ తమ్ముని నంబర్ ఉన్నది. మొన్న ఆయితారం మాట్లాడిన. దగ్గు మల్ల ఎక్కువైందంట."

"మీరెందుకు మాట్లాడిండ్రు సార్?"

"ఫైలు కోసం" అని ప్యాంటు జేబులోంచి ఒక నోటు పుస్తకం తీశాడు.

నంబరు చూసి చేయడానికి పుస్తకం రెబెకా చేతికే ఇచ్చాడు. ఆమె లింగయ్య పేజీ వెతుకుతూ పేజీలు తిప్పింది, తిప్పుతూనే ఉండిపోయింది. పదకొండేళ్లలో ఎంత వెతికినా రోగం తేలక, చచ్చినట్టు చుక్క తొమ్మిది వేసి మూయాల్సి వచ్చిన ప్రతి మనిషీ అందులో ఉన్నాడు. పేరు, ఊరు, ఫోను, ఎన్నడెన్నడు మాట్లాడాడో ఆ తేదీలు. "కడుపునొప్పి తగ్గింది. మనుమరాలి పెళ్లి కుదిరింది, పిలగాడు అచ్చంపేట." "జ్వరం మళ్లీ రాలేదు. బర్రె ఈనింది, ఆడ దూడ." "పోయిన నెల చనిపోయిండు. భార్యతో మాట్లాడిన." రెబెకా ఆ పేజీ దగ్గర ఆగి, మెల్లగా తిప్పేసింది.

మూసిన ఫైళ్లకు ఈ ఫోన్ల అవసరం ఏమీ లేదు. ఇన్నేళ్లుగా ఆయనకు కాగితాలంటే ప్రేమ, మనుషులంటే కాగితాల మీది పేర్లు అని రెబెకా అనుకుంది. పైగా అందరికీ అదే చెప్పి నవ్వించింది. తర్వాత సుగుణను అడిగితే ఆమె తల కొట్టుకుంది. "ఆయితారం పొద్దుగాల మేడ మీదికి పోయి గుసగుస మాట్లాడుతుంటే ఎవతెతోనో అనుకుని వెనక నిలబడి విన్న సిస్టర్. 'పెద్దమ్మా, మోషన్ సాఫ్‌గ అయితున్నదా?' అంటుండు. దిగి వచ్చి ఉప్మా చేసుకున్న."

మర్నాటి మధ్యాహ్నానికి లింగయ్య వార్డులో ఉన్నాడు. డాక్టరు మందు మొదలుపెట్టి, రోగం పేరు తన చేత్తో రాసింది. ఏ నలభై మూడు చుక్క సున్నా. వెంకటేశం ఆ నంబరు వేసి ఫైలు మూసి, వార్డంతటికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు. సున్నా వచ్చిందని దావత్ ఇచ్చిన మనిషిని వనపర్తి అంతకుముందు చూసి ఉండదు. అట్టపెట్టెను రెబెకా తనే ముక్కలు చేసి పారేసింది. ఇప్పుడు ఆలస్యంగా వచ్చే రిపోర్టు ఏదైనా ముందు డాక్టరు బల్ల మీదికి పోతుంది.

నెలన్నరకు లింగయ్య దగ్గు సగానికి సగం తగ్గింది, మూడు కిలోలు పెరిగాడు. మందులు తీసుకోవడానికి వచ్చిన రోజు మాత్రం కాంతమ్మ కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

"అంటేది కాదని ఫోన్ల ఎంత చెప్పినా వియ్యపురాలు ఇంటలేదు సిస్టరమ్మా. దవాఖానోళ్లు ఏదో ఒకటి చెప్తరు అంటున్నది."

పక్కనే ఇంకో ఫైలు చూస్తున్న వెంకటేశం తల ఎత్తాడు. "ఏదో ఒకటా?" అన్నాడు. చేతిలోని ఫైలు బల్ల మీద పడేశాడు. "ఏదో ఒకటి కాదని తేల్చడానికే గదమ్మా ఇంత తిప్పలు! కల్వకుర్తిల ఇల్లు ఎక్కడ? ఆయితారం పోదాం పాండ్రి."

ఆదివారం నలుగురూ బస్సెక్కారు. రెబెకా చర్చికి పోవడం మాని మరీ వచ్చింది. ఆ కవరును పెట్టెలో వేసిన చెయ్యి తనది కాబట్టి ఇంట్లో కూర్చుంటే ఆమెకు మనసొప్పలేదు.

శ్రీవాణి అత్త మర్యాద తెలిసిన మనిషి. వాకిట్లో కుర్చీలు వేయించింది, చాయ్ తెప్పించింది. ముగ్గురికి స్టీలు గ్లాసుల్లో, లింగయ్యకు మాత్రం కాగితం గ్లాసులో. అతని కుర్చీ కూడా రెండు గజాలు దూరంగా వేశారు. లింగయ్య ఏమీ అనుకోనట్టే తీసుకున్నాడు. తలుపు సందులోంచి శ్రీవాణి తండ్రి వైపు చూస్తూ నిలబడింది.

వెంకటేశం రిపోర్టు తీసి లింగయ్యకు ఇచ్చాడు. "కాగితం మీది. మీరే చూపాలె" అన్నాడు. లింగయ్య చూపించాడు. వెంకటేశం క్రిమి పేరు చెప్పాడు, ఏ తేదీన తేలిందో, ఏ ల్యాబులో తేలిందో, ఆ ల్యాబుకు తను ఎన్నిసార్లు ఫోన్ చేశాడో కూడా చెప్పాడు. ఆమె ఓపికగా అంతా విన్నది.

"మట్టిల పురుగంటరు. మేమందరం మట్టిలనే పని చేస్తం గద సారూ. మాకెందుకు రాలే?"

"షుగర్ ఉన్నోళ్లకు..."

"ఉంటే ఉండనీయుండ్రి. కడుపుతోటి ఉన్న పిల్ల. రేపు ఏమన్న అయితే మీరొచ్చి చూస్తరా?"

అది మొండితనం కాదు, భయం. రెబెకాకు అది అర్థమైంది.  వెంకటేశం లేచి తన కుర్చీని ఎత్తుకుపోయి లింగయ్య పక్కన వేసుకుని కూర్చున్నాడు. అతని చేతిలోంచి, సగం తాగిన కాగితం గ్లాసు తీసుకుని, గుటక గుటకగా చివరి చుక్క దాకా తాగేశాడు.

 లింగయ్య ఖాళీ చేతిని అలాగే గాల్లో పెట్టుకుని ఉండిపోయాడు. ఏడాదిగా అతని ఎంగిలి గ్లాసును కాంతమ్మ తప్ప ఎవరూ ముట్టుకోలేదు.

"నా నంబర్ రాసుకోండమ్మా" అన్నాడు వెంకటేశం మూతి తుడుచుకుంటూ. "రోజూ ఫోన్ చేసి, దగ్గొచ్చిందా అని అడుగుండ్రి. పొడి దగ్గా, తెమడ వడుతున్నదా, పొద్దుగాలనా, మాపునా, అన్ని అడుగుండ్రి. నేను చెప్త."

అత్త ఆ ఖాళీ గ్లాసు వైపు చూసింది. చివరికి, "సరే తియ్యుండ్రి. తొమ్మిదో నెల వడ్డంక పంపుత" అన్నది.

 ఈ మనిషి ఇప్పుడు ఏమంటాడో, అంతా ఎక్కడ చెడగొడతాడో అని రెబెకా ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"తొమ్మిదో నెలనా?" అన్నాడు వెంకటేశం. ఒక గుటక మింగాడు. "మంచి నెల అమ్మా."

కాని శ్రీవాణి అప్పటికే సంచి పట్టుకుని గడప దాటి వచ్చింది. "ఏడో నెలల గూడ పోవచ్చు గద అత్తమ్మా. నేను నాయిన తోటే పోత." అత్త కోడలి వైపు చూసింది, లోపలికి పోయి గోడ మీది క్యాలెండరు చూసి వచ్చింది. "దినం మంచిగనే ఉన్నది" అని ఒప్పుకుని, వెంటనే కోడల్ని కసిరింది. "ఊకె నిలవడ్డవేంది? మీ నాయిన చాయ్ ఆ సారు తాగిండు. స్టీలు గ్లాసుల వోసుకొచ్చి ఇయ్యి." శ్రీవాణి తెచ్చి తండ్రి చేతికి ఇచ్చింది. లింగయ్య తాగుతూ ఏడ్చాడు, కాంతమ్మ నవ్వింది.

తిరుగు బస్సులో ముందు సీటులో కూతురు మధ్యలో, అటు తల్లి, ఇటు తండ్రి. నాగర్‌కర్నూల్ వచ్చేసరికి శ్రీవాణి తండ్రి భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. పిల్ల లేస్తుందని లింగయ్య భుజం కదపకుండా బిగబట్టుకుని కూర్చున్నాడు. వెనక సీటులో రెబెకా వెంకటేశాన్ని అడిగేసింది.

"సార్, ఒక్కటి నిజం చెప్పుండ్రి. ఆ చాయ్ తాగేటప్పుడు జర గూడ భయం కాలేదా?"

"భయమెందుకు సిస్టర్? అంటదని మేడమ్ చెప్పిండ్రు గద."

నాగర్‌కర్నూల్‌లో ఆగిన బస్సు మళ్లీ బయల్దేరింది.  ఆయన ఆమె వైపు వంగి, ముందు సీటులో వాళ్లకు వినపడకుండా గొంతు తగ్గించాడు.

"కాని చెప్తున్న, ఎవరితో అనకుండ్రి. షుగర్ మనిషి చాయ్. చిటికెడు చక్కెర లేదు సిస్టర్. సగం గ్లాసు! గది తాగుడే కష్టమైంది."

రెబెకా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. కండక్టరు వెనక్కి తిరిగి ఏమైందమ్మా అని అడిగాడు.